మెచ్చుకోవద్దు, పరీక్ష పెట్టండి

అప్పుడప్పుడూ పేపర్లో ఒక వార్త వస్తుంటుంది. ఫలానా మండలంలో ఒక కుర్రాడు స్క్రాప్‌లో దొరికిన ఇంజిన్‌కి నాలుగు చక్రాలు తగిలించి సొంతంగా కారు తయారు చేశాడు. ఫొటోలో అతను స్టీరింగ్ పట్టుకుని కూర్చుని ఉంటాడు, వెనక ఊరి పెద్దలు నిలబడి ఉంటారు. పెద్ద చదువులు లేకపోయినా ప్రతిభకు కొదవ లేదు అనే వాక్యం తప్పనిసరి. బ్రేకులు ఏ బండివి, వెల్డింగ్ ఎవరు చేశారు, స్టీరింగ్ రాడ్ ఊడితే ఏమవుతుంది అని అడిగిన విలేకరిని మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు. ఆ కారు తర్వాత ఏమైందన్న వార్తా చూడలేదు. బహుశా ఏ రేకుల షెడ్డులోనో టార్పాలిన్ కప్పుకుని ఉంటుంది. దానికి నంబర్ ప్లేటు తెచ్చుకోవడానికి మామూలు మనిషి నడవగలిగే దారి మన దేశంలో లేదు మరి.

ఆ కుర్రాడి మీద నాకు ఏ కోపమూ లేదు. చేతిలో పని ఉన్నవాడు. నా కోపమంతా ఆ మెచ్చుకోలు మీద. మెచ్చుకోవడానికి పెద్దగా ఖర్చుండదు. ఒక ఫొటో, రెండు పేరాలు, మరీ ముచ్చటేస్తే ఒక శాలువా. పరీక్షించాలంటే తెలిసిన మనిషి కావాలి, యంత్రం కావాలి, ఫలితం మీద సంతకం పెట్టే అధికారి కావాలి. అవి ఇవ్వలేక శాలువాతో సరిపెడుతున్నాం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ ఒక కారు కడుతున్నాను. హైదరాబాద్ కాప్రాలో, మా ఇంటి పోర్టికోలో. 1957లో ఇంగ్లండ్‌లో కాలిన్ చాప్‌మన్ అమ్మకానికి తెచ్చిన లోటస్ సెవెన్ అనే కారుకి అది రెప్లికా, అంటే నకలు. రెండే సీట్లు, పైన కప్పు లేదు, చెప్పుకోదగ్గ తలుపులూ లేవు. ముందు చక్రాలు బాడీకి బయట ఉంటాయి. మొత్తం బరువు అర టన్ను చుట్టుపక్కల. వీధిలో వెళ్లేవాళ్లు ఆగి "ఏంది సార్ ఇది, ట్రాక్టరా?" అని అడుగుతారు. ఇంజిన్ ఉన్న తీరు చూస్తే వాళ్లని తప్పు పట్టలేను.

సెవెన్‌ని ఇంట్లో కట్టుకోవడం ఈనాటి పిచ్చి కాదు, ఆ కారు అమ్మిందే అలా. అప్పట్లో ఇంగ్లండ్‌లో తయారైన కారు కొంటే పర్చేజ్ ట్యాక్స్ కట్టాలి, విడి భాగాలుగా కొంటే అక్కర్లేదు. అయితే బిగించే పద్ధతి రాసిన కాగితాలు కిట్‌తో పాటు ఇవ్వకూడదు. చాప్‌మన్ దానికి బదులు విప్పే పద్ధతి రాసి ఇచ్చాడని, కొన్నవాళ్లు దాన్ని చివరి నుంచి మొదటికి చదువుకున్నారని ఆ కారు అభిమానులు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. 1973లో వ్యాట్ రావడంతో ఆ పన్ను లాభం పోయింది. అదే ఏడాది సెవెన్ హక్కులు కేటర్‌హమ్ చేతికి వచ్చాయి. ఆ సంస్థ ఇప్పటికీ అదే ఆకారాన్ని తయారు చేస్తోంది, కిట్‌గానూ అమ్ముతోంది.

"ఇంత ఖర్చు పెట్టి డూప్లికేట్ కారేంటి బావా?" అంటాడు మా బావమరిది. వాడిది న్యాయమైన ప్రశ్నే, కానీ కార్ల లోకంలో అసలుకీ నకలుకీ మధ్య గీత అంత సులువుగా దొరకదు. 1962లో కారల్ షెల్బీ ఇంగ్లండ్‌లో తయారయ్యే ఏసీ ఏస్ అనే కారులో ఫోర్డ్ వీ8 ఇంజిన్ పెట్టి కోబ్రా చేశాడు. అంటే ఆ మహా ఒరిజినల్ కూడా ఒకరి చాసిస్‌లో, అంటే కారు చట్రంలో, ఇంకొకరి ఇంజినే. అప్పట్లో తయారైనవి వెయ్యి లోపు. ఆ తర్వాత ఇళ్లలో, చిన్న షెడ్లలో కట్టిన కోబ్రాలు వేల మీద ఉన్నాయి. మొట్టమొదటి కోబ్రా 2016లో కాలిఫోర్నియా వేలంలో కోటీ 37 లక్షల డాలర్లు దాటింది. దాన్ని ఇక ఎవరు ధైర్యంగా నడుపుతారు? రోడ్ల మీద నడిచే కోబ్రాల్లో చాలా మటుకు నకళ్లే. బావమరిదికి ఇదంతా చెప్పాను. "అయినా ఏసీ లేదుగా" అన్నాడు.

హైదరాబాద్‌లో కిట్ అమ్మే షాపు లేదు. బయటి దేశం నుంచి తెప్పిస్తే రవాణా, కస్టమ్స్ కలిపి అయ్యే ఖర్చుకి ఇక్కడ కొత్త కారే వస్తుంది. మన దేశంలోనూ 2000ల మొదట్లో మహారాష్ట్రలో చింకారా మోటార్స్ సెవెన్ ఆకారంలో ఒక రోడ్‌స్టర్ చేసి అమ్మింది, పాత కాంటెస్సా కారులో వచ్చిన ఇసుజు 1.8 ఇంజిన్‌తో. అలాంటిది సెకండ్‌హ్యాండ్‌లో దొరకడం గగనం. కాబట్టి సామాన్లు ఊరంతా తిరిగి పోగు చేసుకోవాల్సిందే.

ముందు ఇంజిన్. సెవెన్‌లో ఇంజిన్ ముందు, నిలువుగా ఉంటుంది, తిరిగేవి వెనక చక్రాలు. మారుతి 800లో ఇంజిన్ అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది కాబట్టి పనికిరాదు. జిప్సీ సరిగ్గా సరిపోతుంది కానీ ఆఫ్‌రోడ్ వాళ్లు దాని స్పేర్లకి బంగారం ధర కట్టేశారు. మిగిలింది మారుతి వ్యాన్. మన సినిమాల్లో కిడ్నాపులన్నీ మోసిన ఓమ్నీ. 796 సీసీ, మూడు సిలిండర్లు, 35 చిల్లర హార్స్‌పవర్, వెనక చక్రాల డ్రైవ్. స్పోర్ట్స్ కారులో వ్యాన్ ఇంజినా అని ముక్కు విరిచేవాళ్లకి ఒక మాట. 1957 సెవెన్‌లో పెట్టింది ఫోర్డ్ వాళ్ల మామూలు కార్లలోని 1172 సీసీ సైడ్‌వాల్వ్ ఇంజిన్. దాని బలం 40 హార్స్‌పవర్. స్కూలు పిల్లల్ని కుక్కి ఎనిమిది వందల కిలోల వ్యాన్‌ని లాగిన ఇంజిన్‌కి నా కారు బరువు ఒక లెక్క కాదు.

ఇంజిన్ కొన్నప్పుడు బిల్లు రాయించుకోండి. ఇంజిన్ నంబరు, అమ్మినవాడి పేరు, ఏ బండిలోంచి తీశారో, ఆ బండి ఆర్సీ రద్దయిన కాగితం జిరాక్సు. స్క్రాప్ షాపువాడు విసుక్కుంటాడు. రేపు ఎవరైనా అడిగితే ఆ ఇంజిన్ దొంగ బండిది కాదని చెప్పేది ఆ కాగితం ఒక్కటే.

బేరింగులు, నట్లు బోల్టులు రాణిగంజ్‌లో. తల మీద బలం చెప్పే 8.8 అంకె గుద్ది ఉన్న బోల్టు, ఏమీ లేని బోల్టు ఒకే డబ్బాలో కలిపి పెట్టే షాపులు ఉన్నాయి, చూసి ఏరుకోవాలి. సస్పెన్షన్‌లో అంకె లేని బోల్టు వాడితే అది ముందు సాగుతుంది, తర్వాత తెగుతుంది. స్పేర్ పార్ట్స్ పుత్లీబౌలిలో. లేత్ పనికి మాకు దగ్గరే చర్లపల్లి, కుషాయిగూడ. ముక్కు భాగం, మడ్‌గార్డులు ఫైబర్‌తో చేయించాను. మల్లాపూర్‌లో సినిమా సెట్లకి విగ్రహాలు పోసే ఒకాయన దగ్గర. రెసిన్ ఎండలో ఎంత తొందరగా గట్టిపడుతుందో ఆయన వేళ్లకే తెలుసు. "మే నెల్ల హార్డెనర్ తగ్గించాలె సార్, లేకుంటే బ్రష్ల్నే రాయి అయితది" అన్నాడు. రెసిన్‌లో కలిపే కోబాల్ట్, హార్డెనర్ సీసాలు ఆయన షెడ్డులో ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి ఉంటాయి. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలుతుంది.

చేతిపనికి లోటు లేదు ఈ ఊళ్లో. ఎప్పుడూ లేదు. ఆల్విన్ అంటే చాలామందికి ఫ్రిజ్జులు, వాచీలు గుర్తొస్తాయి గానీ మన ఆర్టీసీ బస్సులకు బాడీలు కట్టిందీ అదే ఆల్విన్. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో బూటు ఆకారం, క్రికెట్ బంతి ఆకారం కార్లు చూసి పిల్లలు నవ్వుకుంటారు. అక్కడి పెద్ద మూడు చక్రాల సైకిల్ 2005లో గిన్నిస్‌కి ఎక్కింది. నేను వెళ్లినప్పుడల్లా ఆ కార్ల కిందికి వంగి చూస్తాను, సెక్యూరిటీ అతను అనుమానంగా చూస్తాడు.

లేనిదల్లా పరీక్ష. దాని అవసరం నాకు వెల్డింగ్ దగ్గర బాగా అర్థమైంది.

సెవెన్ చాసిస్ అంటే అంగుళం స్క్వేర్ పైపులతో కట్టిన పంజరం. గోడ మందం 16 గేజ్, అంటే 1.6 మిల్లీమీటర్లు. గేట్లు, గ్రిల్స్ చేసే షాపుల్లో రాడ్ వెల్డింగ్ పెడితే ఇంత పల్చటి పైపుకి బొక్క పడుతుంది. అందుకని చాలామంది సీఓటూ వెల్డింగ్‌కి వెళతారు. అది సులువు, చూడటానికి అందంగా, పూసలు గుచ్చినట్టు వస్తుంది. ప్రమాదమూ అక్కడే ఉంది. కరెంటు తక్కువ పెడితే పైన పూసలు వస్తాయి, అడుగున ఇనుము కరగదు. రెండు పైపులూ ఒకదానికొకటి అతుక్కున్నట్టు కనిపిస్తాయి తప్ప కలవవు. పైన గ్రైండింగ్ చేసి పెయింట్ కొడితే పుట్టించిన బ్రహ్మకి కూడా తేడా తెలియదు.

తెలుసుకోవాలంటే పాడు చేసి చూడాలి. అదే పైపు ముక్కలు రెండు తీసుకుని, అదే మెషిన్ సెట్టింగ్‌తో, అదే చేత్తో అతికించి, వైస్‌లో బిగించి సుత్తితో వంచాలి. మంచి అతుకైతే పక్కన పైపు వంగుతుంది, అతుకు నిలబడుతుంది. చెడ్డదైతే పట్టీ ఊడినట్టు ఊడి వస్తుంది, కింద పైపు కొత్తగా మెరుస్తూ ఉంటుంది. కుషాయిగూడలో నాకు పని చేసిన వెల్డర్ అన్న మొదట నొచ్చుకున్నాడు. "ఇరవై ఏండ్ల సంది చేస్తున్న సార్, నన్నే టెస్ట్ చేస్తరా?" అన్నాడు. మొదటి ముక్క వంచాక ఆయనే వచ్చి దగ్గర నిలబడ్డాడు. రెండో ముక్క తనే వంచాడు. ఆ తర్వాత ప్రతి రోజూ పని మొదలుపెట్టే ముందు ఒక ముక్క అతికించి, వంచి, నాకు చూపించి గానీ చాసిస్ ముట్టుకోలేదు. ఆయన పని బాగుందని నేను ఎన్ని పొగడ్తలు కురిపించినా ఆ అలవాటు వచ్చేది కాదు.

ఇంకోటి బంప్ స్టీర్. ఇది వెల్డింగ్ కంటే మాయదారిది. చక్రం స్పీడ్‌బ్రేకర్ ఎక్కినప్పుడు పైకి, గుంతలో పడినప్పుడు కిందికి కదులుతుంది. ఆ కదలికలో చక్రాన్ని పట్టుకున్న విష్‌బోన్లు అనే ఇనుప చేతులు ఒక వంపులో తిరుగుతాయి, స్టీరింగ్ నుంచి వచ్చే టై రాడ్ ఇంకో వంపులో తిరుగుతుంది. రెండు వంపులూ కలవకపోతే మీరు స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నా చక్రం దానంతట అదే లోపలికో బయటికో తిరుగుతుంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు తెలియదు. వేగంలో, ఒక చక్రం మాత్రమే గుంతలో పడితే కారు ఎటో లాగేస్తుంది. నేను వాడింది మారుతి 800 స్టీరింగ్ ర్యాక్, అంటే స్టీరింగ్ తిప్పితే టై రాడ్లను పక్కకి జరిపే పళ్ల కడ్డీ. దాని కొలతలు 800లోని స్ట్రట్ సస్పెన్షన్‌కి తగ్గట్టు చేసినవి, సెవెన్ విష్‌బోన్లతో వాటికి పొంతన ఉండదు. ర్యాక్‌ని కోసి లేత్ మీద పొట్టి చేయించుకునేవాళ్లు ఉన్నారు. స్టీరింగ్ భాగాన్ని కోయడం నాకు మనస్కరించలేదు, అందుకని విష్‌బోన్ బ్రాకెట్లనే ర్యాక్‌కి కుదిరేలా జరిపాను. స్ప్రింగ్ తీసేసి, హబ్‌కి పలక బిగించి, రెండు డయల్ గేజ్‌లు ఆనించి, జాకీతో కొంచెం కొంచెంగా లేపుతూ కొలుచుకోవాలి. పక్కింటి అంకుల్ ఒక సాయంత్రమంతా కుర్చీ వేసుకుని ఇది చూసి, "కారు కదిలేదెప్పుడమ్మా?" అని లేచి వెళ్లిపోయారు.

పేపర్లో ఫొటో పడితే ఈ రెండింటిలో ఏదీ కనిపించదు. మెరిసే పెయింట్ కనిపిస్తుంది.

ఇక చట్టం సంగతి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వ నిబంధన ప్రకారం వాహన తయారీదారు నమూనా వాహనాన్ని పుణెలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలకు పరీక్షకు పంపాలి. లక్షల కార్లు అమ్మే కంపెనీకి అది సబబే. ఆ పరీక్షల్లో క్రాష్ టెస్ట్ కూడా ఉంది. ఒకే ఒక్క కారు కట్టినవాడు ఆ ఒక్క కారునే తీసుకెళ్లి గోడకు కొట్టించుకుంటే, పాసైన సర్టిఫికెట్ దేనికి అతికించుకోవాలి? పోనీ ఏదో పాత బండి ఆర్సీ మీద నడుపుదామంటే 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. కంపెనీ చెప్పిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు దాన్ని మరింత గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో అక్రమ మార్పులకి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. నేను ఈ నిబంధనలకి వ్యతిరేకిని కాదు. సైలెన్సర్ పీకేసి అర్ధరాత్రి ఈసీఐఎల్ చౌరస్తాలో చెవులు పగలగొట్టే బండ్లకి అవి చాలా అవసరం. నా గొడవంతా ఒకటే. చట్టం దృష్టిలో ఇద్దరే ఉన్నారు: కార్ల కంపెనీ, దాని దగ్గర కారు కొని మార్పులు చేసే మనిషి. మొదటి నుంచి కట్టినవాడికి అందులో చోటు లేదు.

చోటు కల్పించడం అసాధ్యమేమీ కాదు, మన చట్టమే వేరే సందర్భాల్లో ఆ పని చేసింది. లారీకీ బస్సుకీ కంపెనీ ఇచ్చేది చాసిస్, బాడీ కట్టేది ఆటోనగర్‌లో. బస్సు బాడీలకి ప్రత్యేకంగా ఏఐఎస్-052 అని ఒక ప్రమాణమే రాశారు. పాత పెట్రోల్ కారుని ఎలక్ట్రిక్‌గా మార్చే కిట్లకీ పరీక్ష ఉంది, అనుమతి ఉంది. విదేశీ ప్రమాణాల్లో పాసైన కార్లను కంపెనీలు ఏటా 2,500 దాకా ఇక్కడ మళ్లీ పరీక్షించకుండా దిగుమతి చేసుకోవచ్చని 2018లో వెసులుబాటు ఇచ్చారు. 2021లో వింటేజ్ నిబంధనలు వచ్చాయి. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికి 20,000 రూపాయల ఫీజుతో వీఏ అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. రోజువారీ తిరగడానికి కాదు. ర్యాలీలకి, ప్రదర్శనలకి, పెట్రోల్ కొట్టించుకోవడానికి, రిపేర్లకి. దాంట్లో సీటు బెల్టు ఉండకపోవచ్చు, బ్రేకులు తాతల నాటివి. అది రోడ్డెక్కొచ్చు. కొత్త బ్రేకులు, ఒక లైను పోయినా రెండోది పట్టేలా రెండు సర్క్యూట్ల బ్రేక్ మాస్టర్ సిలిండర్, సరైన చోట బిగించిన బెల్టులు ఉన్న నా కారు మాత్రం గేటు దాటకూడదు.

సెవెన్ పుట్టిన దేశంలో ఏం చేస్తున్నారో చూడండి. 2009 నుంచి అక్కడ ఐవీఏ అని ఒక్కో బండిని విడిగా పరీక్షించే పద్ధతి నడుస్తోంది. అంతకుముందు కూడా దాదాపు అలాంటిదే ఉండేది. సొంతంగా కట్టినట్టు ఫొటోలతో, బిల్లులతో చూపించాలి. బ్రేకులు, స్టీరింగ్, పొగ, లైట్లు, బెల్టు బిగించిన చోట్లు, ఆఖరికి బాడీ అంచులు గుచ్చుకునేంత పదునుగా ఉన్నాయా అన్నదీ చూస్తారు. చాలామంది మొదటిసారి ఫెయిలవుతారు. ఏది తప్పో రాసిస్తారు, సరిచేసుకుని మళ్లీ వెళతారు. బండి పుట్టుపూర్వోత్తరాలు తేలకపోతే క్యూ అక్షరంతో నంబరు ఇస్తారు, కొనేవాడికి ముందే తెలిసిపోతుంది. దొంగ ఇంజిన్లు, దొంగ చాసిస్‌లు దీని చాటున చలామణి అవుతాయని భయపడేవాళ్లకి ఇదే జవాబు. షెడ్డులో దాగిన బండి కంటే అధికారి ముందు నిలబెట్టిన బండినే కనిపెట్టడం తేలిక.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని దాటవేయను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. ఇలాంటి రోడ్ల మీదికి నడుం ఎత్తు కూడా లేని, ముందు భాగంలో దెబ్బను పీల్చుకునే అమరిక లేని కారుని పంపాలా? టిప్పర్ లారీ డ్రైవర్‌కి నా కారు కనిపించను కూడా కనిపించదు. నిజమే. అందుకే రోజూ ఆఫీసుకి వెళ్లే హక్కు అడగడం లేదు. వింటేజ్ బండ్లకి పెట్టిన హద్దులే నాకూ పెట్టండి. పగటిపూటే అనండి, ఎర్ర జెండా కట్టమనండి, కడతాను. ట్రాక్ మీద నడుపుకోవచ్చు కదా అంటారు కొందరు. హైదరాబాద్‌కి దగ్గర్లో అలాంటి ట్రాక్ లేదు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు పెట్టింది కూడా మామూలు రోడ్లకి కంచె కట్టే. చెన్నైకో కోయంబత్తూరుకో ట్రైలర్ మీద మోసుకెళ్లాలి.

కొత్తగా భవనాలు కూడా అక్కర్లేదు. రవాణా వాహనాల ఫిట్‌నెస్ కోసం ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్ల నిబంధనలు 2021లోనే వచ్చాయి. ఏ చక్రానికి బ్రేకు ఎంత గట్టిగా పడుతుందో అక్కడ రోలర్లే చెబుతాయి. లైట్లు, పొగ కొలిచే యంత్రాలూ అక్కడే ఉంటాయి. వెల్డింగ్, స్టీరింగ్ చూడటానికి మాత్రం తెలిసిన ఇంజినీరు కావాలి, ఆ ఫీజు మా దగ్గరే వసూలు చేయండి. ఈ కారు మీద ఇప్పటికే మంచి కండిషన్‌లో ఉన్న సెకండ్‌హ్యాండ్ ఆల్టో ఖరీదు పోసినవాణ్ని, పరీక్ష ఫీజు దగ్గర బేరమాడను.

నా కారుకి రేపే ఆ పరీక్ష పెడితే పాసవుతుందా? అవదు. ఇప్పటి స్థితిలో హ్యాండ్‌బ్రేకు దగ్గరే పోతుంది. వ్యాన్ కేబుల్ ఈ చాసిస్‌కి పొడుగైపోయింది. మడిచి బిగిస్తే కుడి డ్రమ్ము పట్టేలోపే ఎడమది బిగుసుకుంటోంది. పుత్లీబౌలిలో కేబుళ్లు కొలతకి కోసి కొత్తగా చివర్లు నొక్కి ఇచ్చే షాపు ఒకటుందని వెల్డర్ అన్న చెప్పాడు. ఆదివారం మూసి ఉంటుందట, సోమవారం సెలవు పెట్టాలి.